బోరు నీళ్లకు బిరుసెక్కిన జుట్టు, యాపిల్ సైడర్ వెనిగర్: నా అనుభవం

రాజమండ్రిలో గోదావరి నీళ్లతో తలంటుకుని పెరిగినదాన్ని. అక్కడ కొంచెం షాంపూ వేస్తే చాలు, తలనిండా నురగ వచ్చేది. నాలుగు చెంబులు పోస్తే పోయేది. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి నిజాంపేట వైపు అద్దెకు దిగాక అదే షాంపూ, అంతే వేస్తే నురగే రాదు. ఇంకొంచెం వేస్తే వస్తుంది గానీ, ఎన్ని నీళ్లు పోసినా జుట్టు మీద ఏదో పొర మిగిలిపోయినట్టే ఉండేది. ఆరాక ముట్టుకుంటే బిరుసు. దువ్వెన పెడితే చివర్లలో చిక్కు. నల్ల కుర్తా వేసుకున్న రోజు భుజాల మీద తెల్లటి పొట్టు.

అన్నీ ఒకేసారి మొదలయ్యాయి కాబట్టి అన్నిటికీ కారణం ఒకటే అనుకున్నాం. అమ్మ ఫోన్‌లో "నీళ్లు పడలేదు" అంది. ఆఫీసులో స్నేహితులు "చుండ్రు" అన్నారు. రెండూ నిజమేనని, కానీ అవి రెండు వేర్వేరు సమస్యలని యాపిల్ సైడర్ వెనిగర్ (యాపిల్ రసాన్ని పులియబెట్టి చేసే పుల్లటి ద్రవం) వాడటం మొదలుపెట్టాకే నాకు అర్థమైంది. వెనిగర్ వాటిలో ఒకదానికి బాగా పనిచేసింది. రెండోదాన్ని తాకలేకపోయింది. ఎవరైనా ఆ సీసా కొనబోయే ముందు ఈ తేడా తెలుసుకుంటే బాగుంటుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి. మా అపార్ట్‌మెంట్‌లో మంచినీళ్ల లైను తాగడానికి, వంటకే సరిపోతుంది. స్నానాలకు, బట్టలకు బోరు. ఎండాకాలంలో ట్యాంకర్. అసోసియేషన్ వాళ్లు ఒకసారి బోరు నీళ్లను ల్యాబ్‌కు పంపి, రిపోర్టు నోటీసు బోర్డులో పెట్టారు. మొత్తం కాఠిన్యం లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటింది. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది 200 లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు సర్దుకోవచ్చు. కాఠిన్యం అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. చాలామంది టీడీఎస్ (నీళ్లలో కరిగినవన్నీ కలిపిన మొత్తం) మీటరు ముంచి, అంకె చూసి "గట్టి నీళ్లు" అనేస్తారు గానీ, టీడీఎస్‌లో మామూలు ఉప్పు కూడా కలిసే ఉంటుంది. జుట్టుకు ఇబ్బంది పెట్టేవి ముఖ్యంగా ఆ కాల్షియం, మెగ్నీషియమే. సబ్బుతో కలిస్తే అవి కరగని తెట్టుగా మారతాయి. బకెట్ అంచున బూడిద రంగులో పేరుకునేది అదే. షాంపూలో సబ్బు ఉండదు కాబట్టి అంత తెట్టు కట్టదు గానీ, కాల్షియం వెంట్రుకను పట్టుకునే ఉంటుంది.

వెనిగర్ నా ఆలోచనలోకి వచ్చింది జుట్టు వల్ల కాదు, షవర్ వల్ల. షవర్ రంధ్రాలు తెల్లగా పూడుకుపోతే పక్క ఫ్లాట్ ఆంటీ "కవర్‌లో తెల్ల వెనిగర్ పోసి, షవర్ అందులో మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రంతా వదిలేయమ్మా" అన్నారు. కట్టగానే సన్నగా బుడగలు మొదలయ్యాయి. ఆ తెల్లటి గార చాలావరకు కాల్షియం కార్బొనేట్. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం తగిలితే అది కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదులుతూ, నీళ్లలో కరిగే లవణంగా మారిపోతుంది. పొద్దుటికి రంధ్రాలన్నీ తెరుచుకున్నాయి. ఇనుప గొట్టాన్నే ఇంతగా పట్టుకున్నది నా జుట్టును మాత్రం వదులుతుందా అనిపించి, అప్పుడు వెనిగర్‌తో తల కడగడం గురించి చదవడం మొదలుపెట్టాను.

అమ్మకు చెబితే, "సలాడ్‌లో వేసుకునేది నెత్తిన పోసుకుంటావుటే?" అంది. కాసేపాగి తనే, "అయినా మా అమ్మ మాకు పుల్ల మజ్జిగ పట్టించేది కదా, అదీ పులుపేగా" అంది. నిజమే. మన ఇళ్లలో తలకు పులుపు కొత్త కాదు. పుల్ల పెరుగు పట్టించి ఆరాక తలంటుకోవడం, చివరి చెంబులో నిమ్మకాయ పిండుకోవడం అందరికీ తెలిసినవే. పులిసిన పెరుగులో లాక్టిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం. ఆమ్లం పేరు మారుతుంది గానీ జుట్టు మీద చేసే పని దగ్గరదగ్గరగా ఒకటే.

ఆ పని ఏమిటో చెబుతాను. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటుంది. క్షారం, అంటే సబ్బులాంటి ఆమ్లానికి వ్యతిరేక గుణమున్నది తగిలితే ఆ పొలుసులు ఉబ్బి లేస్తాయి. లేచిన పొలుసులు ఒకదాన్నొకటి గీసుకుని చిక్కు పడతాయి, వెలుతురు సమంగా పడక మెరుపు పోతుంది. కొంచెం ఆమ్లం తగిలితే మళ్లీ అణిగి కూర్చుంటాయి. పులుపును కొలిచే అంకె పీహెచ్: 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. మాడు చర్మం పీహెచ్ సుమారు 5.5, వెంట్రుకది ఇంకా తక్కువ, 3.67. ఈ అంకెలు 2014లో బ్రెజిల్ వైద్యులు రాసిన ఒక పరిశోధన వ్యాసంలో ఉన్నాయి. వాళ్లు 123 షాంపూల పీహెచ్ కొలిచి చూస్తే, 5.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నవి సుమారు 38 శాతమే. ఇక ఒంటి సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. గట్టి నీళ్లూ చాలావరకు కొద్దిగా క్షారం వైపే మొగ్గుతాయి. కాబట్టి చివర్లో ఒక మగ్గు పుల్లటి నీళ్లు పోసుకోవడంలో అర్థం ఉంది.

కొనేటప్పుడు నేను చూసింది ఒక్కటే: లేబుల్ మీద ఆమ్లం ఎంతని రాశారో. సాధారణంగా యాపిల్ సైడర్ వెనిగర్‌లో 4 నుంచి 6 శాతం వరకు ఉంటుంది, నేను తెచ్చినది 5 శాతం. సీసా అడుగున సాలెగూడులా తేలే మడ్డిని 'మదర్' అంటారు. యాపిల్ రసంలో చక్కెరను ఈస్ట్ ఆల్కహాలుగా మారుస్తుంది. ఆ ఆల్కహాలును బ్యాక్టీరియా ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా అల్లుకున్న సెల్యులోజ్ పొరే ఈ మదర్. అది ఉంటేనే జుట్టుకు మంచిదని చాలామంది చెబుతారు. నేను మదర్ ఉన్నదీ లేనిదీ రెండూ వాడి చూశాను, జుట్టు మీద నాకే తేడా కనబడలేదు. మడ్డి మాత్రం వెంట్రుకల్లో చిక్కుకుంటుంది కాబట్టి ఇప్పుడు పలచటి బట్టలో వడగట్టే వాడుతున్నాను. పని చేసేది పులుపే కాబట్టి, షవర్‌కు కట్టిన చవక తెల్ల వెనిగర్ కూడా అదే పని చేయాలి. కానీ దాని వాసన ఘాటు నేను భరించలేకపోయాను.

ఎంత కలపాలన్నది అసలు విషయం. అర లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లు. సీసాలో 5 శాతం ఉన్న ఆమ్లం ఇలా కలిపాక 0.15 శాతం దగ్గరకు వస్తుంది. సైన్స్ సామాన్ల షాపులో పీహెచ్ కాగితాలు తెచ్చుకుని ముంచి చూశాను. బోరు నీళ్లలో కలిపినప్పుడు రంగు 4కూ 5కూ మధ్య చూపించింది. అదే కొలత ఆర్‌ఓ నీళ్లలో కలిపితే 3 దగ్గరకు దిగిపోయింది. మొదట ఆశ్చర్యపోయాను. తర్వాత ఆలోచిస్తే సబబుగానే అనిపించింది. బోరు నీళ్లలో ఉన్న బైకార్బొనేటు (వంటసోడా జాతి లవణం) వెనిగర్ పులుపును కొంత మింగేస్తుంది. ఆర్‌ఓ నీళ్లలో అది దాదాపు లేదు కాబట్టి పులుపంతా నిలబడుతుంది. ఈ సంగతి ఎక్కడా ఎవరూ చెప్పగా నేను వినలేదు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను. "రెండు చెంచాలు కలుపుకోండి" అని చెప్పేవాళ్ల ఇంటి నీళ్లు, మీ ఇంటి నీళ్లు ఒకటి కావు. గోదావరి జిల్లాల్లో మెత్తటి నీళ్లున్నవాళ్లు చెంచాలో సగంతో మొదలుపెట్టవచ్చు. అసలు వాళ్లకు దీని అవసరమూ తక్కువే.

నేను చేసే పద్ధతి ఇది. వారానికి ఒకసారి, తలంటుకున్న రోజునే. షాంపూ పూర్తిగా పోయాక, తల వెనక్కి వంచి, నుదుటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, కలిపి ఉంచుకున్న నీళ్లు నెమ్మదిగా పోసుకుంటాను. కంట్లో పడితే భగ్గుమంటుంది, అందుకే వంగి ముందుకు పోసుకోను. వేళ్లతో చివర్లదాకా ఒకసారి దువ్వి, ఒక నిమిషం ఆగుతాను. ఆ వెంటనే మామూలు నీళ్లు. చివర్లో ఒక మగ్గు ఆర్‌ఓ నీళ్లు, అంతే. ఆఖరున బోరు నీళ్లతో వదిలేస్తే, అవి ఆరేటప్పుడు మళ్లీ అదే కాల్షియం జుట్టు మీద మిగులుతుంది. కొన్ని వారాలు వెనిగర్ లేకుండా ఆ ఆఖరి మగ్గు ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోసుకుని చూశాను. దానితోనూ కొంత మెత్తదనం వచ్చింది, నిజం చెప్పాలంటే నేను అనుకున్నదానికంటే ఎక్కువే. కానీ అప్పటికే పేరుకున్నది కరగాలంటే పులుపు కావాల్సి వచ్చింది.

ఫలితం మొదటిసారి నుంచే తెలిసింది. తల తడిగా ఉన్నప్పుడే వేళ్లు జారాయి. ఆరాక దువ్వెన పై నుంచి కింద వరకు ఆగకుండా వచ్చింది. మెరుపు వెంటనే రాలేదు, మెల్లగా వచ్చింది. దీపావళికి ఇంటికి వెళ్తే అమ్మ జడ వేస్తూ, "ఇప్పుడు కాస్త నా కూతురి జుట్టులా ఉంది" అంది. ఆ మాట నాకెంత సంతోషమనిపించిందో చెప్పలేను. వాసన గురించి అందరూ అడుగుతారు. తడిగా ఉన్నంతసేపూ ఉంటుంది, పూర్తిగా ఆరాక పోతుంది. నేను ఆదివారమే పోసుకుంటాను, సోమవారం మెట్రోలో పక్కన నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు.

మరీ ఎక్కువ పేరుకున్నవాళ్లకు వెనిగర్ ఒక్కటే చాలకపోవచ్చు. ఈడీటీఏ అనే రసాయనం ఉన్న, పేరుకున్నది వదిలించే క్లారిఫైయింగ్ షాంపూలు కాల్షియాన్ని ఇంకా గట్టిగా పట్టి లాగుతాయి. ఎండాకాలం ట్యాంకర్ నీళ్ల రోజుల్లో అప్పుడప్పుడు నేనూ అది వాడతాను.

ఇక పొట్టు సంగతి. జుట్టు ఇంత బాగుపడినా భుజాల మీద పొట్టు తగ్గలేదు. వెనిగర్ పోసుకున్న రోజు దురద కొంచెం చల్లబడినట్టుండేది, మర్నాటికి మళ్లీ మామూలే. గోళ్లతో గీరుకున్న చోట వెనిగర్ నీళ్లు తగిలితే చురుక్కుమనేది. కొన్నాళ్లకు చెవుల వెనక, కనుబొమ్మల అంచున కూడా ఎర్రబడి పొట్టు లేవడం మొదలైంది. నీళ్ల వల్ల పేరుకునే కాల్షియం కనుబొమ్మల మీద ఎర్రగా లేవదు కదా. అప్పుడు చర్మ వైద్యురాలి దగ్గరకు వెళ్లాను.

ఆవిడ లెన్సుతో మాడంతా పాయలు తీసి చూశారు. పొట్టును వేలిమీదకు తీసుకుని, "చూడండమ్మా, ఇది పొడిగా రాలేది కాదు, జిడ్డుగా పసుపుపచ్చగా ఉంది" అన్నారు. సెబోరిక్ డెర్మటైటిస్, అంటే నూనె ఊరే చోట చర్మం రేగి పొట్టు లేచే సమస్య అని రాశారు. మలసేజియా అనే ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం) అందరి చర్మం మీదా ఉంటుందట. మాడు మీది నూనెను తిని బతుకుతుంది. అది వదిలే కొవ్వు ఆమ్లాలు కొందరికి పడవు, అప్పుడు చర్మం రేగి పొట్టు లేస్తుంది. నేను వెనిగర్ గురించి అడిగితే ఆవిడ తీసిపారేయలేదు. "జుట్టుకు బాగుంటే పోసుకోండి. కానీ నిమిషం ఉంచి కడిగేసే ఆ పలచటి నీళ్లకు ఈ ఈస్ట్ లొంగదు" అన్నారు.

రెండు శాతం కీటోకోనజోల్ (శిలీంధ్రాన్ని అణిచే మందు) షాంపూ ఇచ్చారు. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. అందులో ముఖ్యమైన మాట, నురగ అయిదు నిమిషాలు మాడు మీద ఉండాలి. వెంటనే కడిగేస్తే మందు పనిచేయదు. తర్వాత మళ్లీ రాకుండా వారం, రెండు వారాలకోసారి వాడితే సరిపోతుంది. అయితే ఆ నెల మాత్రం వెనిగర్ ఆపేయమన్నారు, రేగి ఉన్న చర్మానికి పులుపు ఎందుకని. ఆ షాంపూతో పొట్టు తగ్గింది, కనుబొమ్మలు మామూలయ్యాయి.

ఇంకో మాట కూడా అన్నారు, అది మా ఇంట్లో పెద్ద చర్చకే దారి తీసింది. రాత్రి తలనిండా నూనె పెట్టుకుని పొద్దున తలంటుకోవడం ఈ సమస్య ఉన్నవాళ్లు మానాలట. ఆ ఈస్ట్‌కు నూనె తిండి. అమ్మకు ఈ మాట మింగుడు పడలేదు. పొట్టు రాలుతోందంటే తల ఎండిపోయిందని, ఇంకాస్త కొబ్బరినూనె పెట్టాలని మా అందరికీ నేర్పింది తనే. నేను నూనె పూర్తిగా మానలేదు. ఇప్పుడు మాడుకు కాకుండా, మెడ కిందకు వచ్చే జుట్టుకు మాత్రం తలంటుకు గంట ముందు రాసుకుంటున్నాను. అమ్మా దానికి ఒప్పుకుంది.

వెనిగర్ చర్మరోగాలకు మందు అవుతుందా అని 2019లో అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించారు. తల మీద కాదు, చేతి మీద. మొత్తం 22 మంది, అందులో సగం మంది ఎగ్జిమా (దురదతో చర్మం రేగే జబ్బు) ఉన్నవాళ్లు. ఒక చెయ్యి 0.5 శాతం ఆమ్లం ఉండేలా కలిపిన యాపిల్ సైడర్ వెనిగర్ నీళ్లలో, ఇంకో చెయ్యి మామూలు నీళ్లలో, రోజూ 10 నిమిషాల చొప్పున 14 రోజులు నానబెట్టించారు. చర్మం బాగుపడలేదు, పైగా ఎక్కువమందికి కొద్దిపాటి మంట, చిరాకు వచ్చాయి. నేను కలుపుకునేది దానికంటే పలచన, ఉంచుకునేది ఒక్క నిమిషం. అయినా ఆ పరీక్ష గురించి తెలిశాక వారానికి ఒకసారి కంటే పెంచాలన్న కోరిక నాకు పోయింది.

కలపకుండా నేరుగా పట్టించుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదని నా మనవి. మా ఆఫీసులో ఒకమ్మాయి ఎవరో చెప్పారని దూదితో మాడుకు సీసాలోదే అద్దుకుని, టవల్ చుట్టుకుని కూర్చుంది. పాపిట పొడుగునా చర్మం కాలి పొక్కింది, మానడానికి చాలా రోజులు పట్టింది. సీసాలోని వెనిగర్ పీహెచ్ 2.5, 3 మధ్య ఉంటుంది. ముక్కు మీది మచ్చలు పోవాలని యాపిల్ సైడర్ వెనిగర్ పెట్టుకుని చర్మం కాల్చుకున్న 14 ఏళ్ల అమ్మాయి కేసు 2015లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. తినే వస్తువు కదా, ఏం చేస్తుందిలే అన్న నమ్మకమే ఇక్కడ ప్రమాదం.

నిమ్మరసం వాడేవాళ్లకు కూడా ఒక మాట. నిమ్మరసం తగిలిన చర్మం ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి. నుదుటి మీద, మెడ మీద కారినది బాగా కడుక్కునే బయటికి వెళ్లాలి. వెనిగర్‌తో ఆ భయం లేదు. అయితే ముత్యాల దుద్దులు పెట్టుకుని ఉంటే తీసేయాలి. ముత్యం కూడా కాల్షియం కార్బొనేటే, పులుపు తగిలితే మెరుపు పోతుంది. బాత్‌రూమ్‌లో పాలరాయి ఉంటే దాని మీద కూడా ఒలకనివ్వకండి.

జుట్టు రాలడం తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. నాకు తగ్గింది విరగడం. దువ్వెనలో మిగిలిన వెంట్రుకను వెలుతురులో చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి బొడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది, రెండు కొసలూ సన్నగానే ఉంటే మధ్యలో విరిగింది. చిక్కు తగ్గితే విరగడం తగ్గుతుంది, అక్కడ వెనిగర్ సాయం చేస్తుంది. కుదురు నుంచి ఊడేవి రోజుకు 50 నుంచి 100 వరకు మామూలే. అంతకు మించి పోతుంటే ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి గానీ నెత్తిన వెనిగర్ పోసుకుంటే లాభం లేదు.

ఇవన్నీ విన్నాక మొన్న మా చెల్లి ఫోన్ చేసి, "అక్కా, పిల్లకు స్కూల్లో పేలు పట్టాయి. నీ వెనిగర్ పోయమంటావా?" అని అడిగింది. వద్దన్నాను. దానికి పేలు చావవు, ఈపులు వదులుతాయన్న నమ్మకమూ లేదు. పైగా గీరుకున్న మాడు మీద పిల్ల మంటకు ఏడుస్తుంది. తడి జుట్టుకు కండిషనర్ దట్టంగా పట్టించి సన్నపళ్ల పేల దువ్వెనతో పాయపాయగా దువ్వమన్నాను. పిల్లల డాక్టర్‌ను అడిగి ఒక శాతం పెర్మెత్రిన్ మందు తెచ్చుకోమన్నాను. ఈపుల్లోంచి వచ్చేవాటి కోసం వారం, పది రోజులకు దాన్ని ఇంకోసారి పెట్టాల్సి రావచ్చు కాబట్టి, ఒక్కసారితో అయిపోయిందనుకోవద్దని, అన్ని రోజులూ దిండు గలేబులు, దువ్వెనలు వేడినీళ్లలో వేయమని చెప్పాను.